చెంబుతో కొలిచిన దారులు

ఊరి పేరు చెబితే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి గుర్తొస్తుంది. నాకు రోడ్లు గుర్తొస్తాయి. గుడివాడ అంటే మేకులు. బందరు అంటే ఎదురుగాలి. దివిసీమ అంటే కాలవ గట్టు. ఏం చెయ్యను, ఆ మూడింటినీ నేను సైకిలు సీటు మీద కూర్చునే చూశాను. అదీ ఆడపిల్ల సైకిలెక్కితే వీధి వీధంతా పనులు మానుకుని గుమ్మాల్లోకి వచ్చే రోజుల్లో.

అరవయ్యో దశకం మొదట్లో సంగతి. మాది బందరు. మా నాన్నగారు పల్లెటూరి బళ్ళో పంతులుగా చేసి, చివరికి బందరు చేరారు. ఆదివారం పొద్దున చర్చి, మిగతా వారమంతా ట్యూషన్లు. అమ్మకి నన్ను కుట్టుమిషను ముందు కూర్చోబెట్టి, నాలుగు జాకెట్లు కుట్టడం వచ్చాక పెళ్ళి చేసెయ్యాలని కోరిక. నాకేమో ఒకచోట కూర్చోవడమంటే ఒళ్ళుమంట. అందుకని పేపర్లో గ్రామసేవిక ఉద్యోగాలు పడగానే ఇంట్లో చెప్పకుండా అప్లికేషను పడేశాను. పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళకి పొగరాని పొయ్యిల గురించీ పెరటి కూరగాయల గురించీ మేలుజాతి కోళ్ళ గురించీ చెప్పే సర్కారు ఉద్యోగం అది. శిక్షణకి గుడివాడ పంపించారు. అక్కడ నేర్పిన వాటిల్లో నాకు నిజంగా వంటబట్టింది సైకిలు ఒక్కటే.

అసలు గుడివాడ సైకిలు నేర్చుకోవలసిన ఊరు కాదు. కోతలయ్యాక ధాన్యం బళ్ళు బారులు తీరి రైసుమిల్లుల వైపు కదులుతుంటే వాటి మధ్య సందు దొరకదు. రైలు గేటు పడిందంటే బళ్ళూ రిక్షాలూ గేదెలూ అన్నీ కలిసి ఒక ముద్దయిపోతాయి, గేటు లేచాక ఎవరూ ముందుకి కదలరు. అన్నిటినీ మించినవి మేకులు. ఎడ్ల కాళ్ళకి కొట్టే నాడాల మేకులు ఊడి రోడ్డు నిండా పడుండేవి. అక్కడ అడుగుకో పంక్చరు షాపు కనిపిస్తే మొదట్లో అబ్బ, ఎంత సౌకర్యం అనుకున్నాను. ఒక్క నెలలో ఆరుసార్లు ట్యూబుకి అతుకు వేయించాక బుద్ధొచ్చింది. పంక్చరు షాపులు ఎక్కువున్న ఊరు సైకిలుకి మంచి ఊరు కాదు. ఇవాళ్టికీ ఏ కొత్త ఊరెళ్ళినా నేను ముందు చూసేది అదే.

మా బందరు మేలు. వీధులు వెడల్పు, నేల చదును, ఎక్కడా ఎత్తూ పల్లం లేదు. గాలితోనే చిక్కు. పొద్దున పడమటి నుంచి వీస్తుంది, మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి వీస్తుంది. పొద్దున్నే పడమటి ఊళ్ళకి వెళ్ళి సాయంత్రం ఇంటికొచ్చే నాలాంటి వాళ్ళకి రెండు పూటలా ఎదురుగాలే. చిలకలపూడి వైపు తిరిగితే ఇసక, దిగి తోసుకోవాలి. పెడన వైపు వెళ్తే దారి పక్కనంతా అద్దకం గుడ్డలు ఆరేసి ఉంటాయి. రంగు తడి ఆరని గుడ్డ మీద చక్రం పోనిచ్చామా, ఏడు తరాల పెద్దలూ గుర్తొచ్చేలా తిడతారు. తిట్టాలి కూడా. నన్ను ఒకసారి తిట్టారు, నోరు మూసుకుని పడ్డాను.

పోస్టింగు దివిసీమలో ఇచ్చారు. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటాక, కాలవని ఆనుకుని ఉన్న ఒక పల్లె. అక్కడే ఒక రైతు గారింట్లో వసారా గది అద్దెకి తీసుకున్నాను. ఆఫీసు వాళ్ళు నాకొక లేడీస్ సైకిలు ఇచ్చారు. ఆకుపచ్చ రంగు, చీర చిక్కుకోకుండా వెనక చక్రానికి దారంతో అల్లిన వల, నొక్కితే వీధి చివరిదాకా వినపడే బెల్లు. దాన్ని చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. కొబ్బరినూనె రాసిన గుడ్డతో రోజూ తుడిచేదాన్ని. ఇంటావిడ నవ్వేది, నీ జుట్టుకైనా అంత నూనె పెట్టుకోవు కదే అని. నా జుట్టు నన్నెక్కడికి తీసుకెళ్తుంది? కానీ ఉద్యోగం టెంపరరీ, సైకిలు ఆఫీసుది. ఏడాది పని చూసి ఖాయం చేస్తామన్నారు.

ఆ ఏడాదిలో నాకు అప్పజెప్పిన పెద్ద పని కోళ్ళది. బందరులో దొరికే తెల్ల లెగ్‌హారన్ జాతి కోళ్ళ గుడ్లు తెచ్చి, పల్లెలో పొదుగుకొచ్చిన నాటుకోళ్ళ కింద పెట్టించాలి. ఆ పిల్లలు పెరిగితే నాటుకోడి కన్నా ఎన్నో ఎక్కువ గుడ్లు పెడతాయి. ఇంటింటికీ తిరిగి గొంతు పోయేలా చెప్పి ఐదుగురు ఆడవాళ్ళని ఒప్పించాను. వాళ్ళల్లో పెద్దావిడ ఒకావిడ ఉండేది. ఊరంతటికీ మామ్మే. అరవై దాటినా గడ్డిమోపు ఎత్తుకుని పరిగెత్తే మనిషి. ఆవిడ ఒప్పుకుంది కాబట్టే మిగతా నలుగురూ ఒప్పుకున్నారు.

సంక్రాంతి దాటాక ఒక రోజు బందరు నుంచి గుడ్లు తెచ్చాను. కోడికి పదమూడు చొప్పున అరవయ్యయిదు గుడ్లు. బుట్టలో ఊక పోసి, వరసగా పేర్చి, పైన మళ్ళీ ఊక పోసి క్యారియరు మీద కట్టాను. ఇరవై మైళ్ళ దారి. ఆఫీసు గోడకి తగిలించిన మ్యాపులో ఏ రోడ్డు తిన్నగా ఉందో ఆ రోడ్డే పట్టుకున్నాను. కొత్తగా కంకర వేశారు, సర్కారు రోడ్డు, ఇంకేం కావాలి అనుకున్నాను. కంకరైతే వేశారు గాని, రోలరు రాలేదు. మా వైపు అదొక పద్ధతి. కాంట్రాక్టరు రాళ్ళు పరిచి వెళ్ళిపోతాడు, ఏడాది పొడుగునా బళ్ళు తిరిగి తిరిగి అదే అణుగుతుంది. ఆ రాళ్ళ మీద పళ్ళు టకటక కొట్టుకుంటూ పదకొండు మైళ్ళు తొక్కాను. ఊరు చేరి బుట్ట విప్పితే నాలుగే పగిలాయి. నాలుగే అని గర్వపడ్డాను కూడాను. వర్జ్యం వచ్చేస్తోంది, త్వరగా పెట్టెయ్యాలని ఆడవాళ్ళు హడావుడి పడితే సరేనన్నాను. వాళ్ళు బేసి సంఖ్య లెక్క చూసుకుని, ఉరుములకి గుడ్డు చెడకుండా గంపలో ఓ ఇనపముక్క వేసి, అప్పటికప్పుడే కోళ్ళని కూర్చోబెట్టారు.

ఇరవయ్యొక్క రోజులు ఊరంతా ఎదురుచూసింది. ఐదు గంపల్లోనూ కలిపి రెండంటే రెండు పిల్లలు. మిగిలినవన్నీ మురిగిపోయాయి. ఆ వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. నలుగురు ఆడవాళ్ళు ఏమీ అనకుండా మొహం తిప్పుకున్నారు, అది మరీ బాధ. మామ్మగారు మాత్రం అన్నది. గుడ్లు తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పారేసి, చేతులు కడుక్కుని, నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"గుడ్లు పోతే పోయాయి. అది తిండి మానేసి మూడు వారాలు కూర్చుంది. దానికేం సమాధానం చెప్తావు?" అంది.

కోడికి సమాధానం చెప్పాలని నాకు శిక్షణలో ఎవరూ నేర్పలేదు. తల దించుకున్నాను. ఆ సాయంత్రం గదిలో కూర్చుని, ముందు కంకర రోడ్డుని తిట్టాను, తర్వాత కాంట్రాక్టరుని తిట్టాను, చివరికి మ్యాపు చూసి దారి ఎంచుకున్న నన్ను నేను తిట్టుకున్నాను. కుదుపుకి లోపల సొన చెదిరినా, పైకి పగలకపోతే గుడ్డు బాగున్నట్టే అనుకున్న నా తెలివికి ఏం పేరు పెట్టాలి.

వారం తిరక్కుండా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇంకొక్క అవకాశం ఇస్తారట. ఈసారి కూడా పిల్లలు కాకపోతే కోళ్ళ పథకం వేరే ఊరికి మారుస్తారు, నేను బందరు ఆఫీసులో కూర్చుని కాగితాలు రాసుకోవాలి, సైకిలు పక్క సర్కిల్లో పనిచేసే మగ ఉద్యోగికి ఇస్తారు. ఉద్యోగం మాట అలా ఉంచండి. నా సైకిలు ఇంకెవడో తొక్కుతాడన్న మాట చదివేసరికి నాకు తల తిరిగిపోయింది. వాడు దానికి నూనె పెడతాడా? వల చింపేస్తాడు, బెల్లు పాడు చేస్తాడు. ఇంట్లో ఉంటే అమ్మ ఊరుకోదు, నేను మళ్ళీ కుట్టుమిషను ముందు కూర్చుని కాళ్ళతో దాని పెడలు తొక్కుకోవాలి, ఎంత తొక్కినా ఎక్కడికీ వెళ్ళకుండా.

అప్పుడు తట్టింది ఆ ఉపాయం. గుడ్డు లోపల ఏం కదులుతోందో కనపడదు, నీళ్ళు కదిలితే కనపడతాయి కదా. ఒక ఇత్తడి చెంబు తీసుకుని, అంచుదాకా నీళ్ళు పోసి, క్యారియరు మీద బుట్టలో కదలకుండా కుదురు పెట్టి కట్టాను. ఒక మైలు తొక్కి దిగి చూస్తే ఎన్ని వేళ్ళ లోతు నీళ్ళు తగ్గాయో తెలుస్తుంది. తగ్గిన వేళ్ళని బట్టి దారికి పేరు. కంకర రోడ్డు నాలుగు వేళ్ళ దారి. పంచాయతీ వేసిన ఎర్రమట్టి రోడ్డు మూడు వేళ్ళు. బళ్ళు నడిచే పుంత మూడున్నర, వాన పడిన వారం అసలు లెక్కలోకే రాదు, రేగడి మన్ను మడ్‌గార్డులో కూరుకుని చక్రమే తిరగదు. కోసిన చేలకి అడ్డంపడి తొక్కితే వరిమోళ్ళ మీద ఐదు వేళ్ళు. ఇలా పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని దారులు కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాను. శనివారం బందరు వెళ్తూ, సోమవారం తిరిగొస్తూ ఆ వైపు దారులు కూడా చూశాను. బందరు వీధులన్నీ ఒకటిన్నర వేలు. మా ఊరని చెప్పడం కాదు, ఒట్టేసి చెప్తున్నాను. గుడివాడలో ఒక మీటింగుకి వెళ్ళినప్పుడు అక్కడా చూద్దామనుకున్నాను గాని, స్టేషను దాటకుండానే పంక్చరు పడింది.

చెప్పొద్దూ, ఆ పదిహేను రోజులూ నాకు పండగలా ఉండేది. భయం ఒక పక్క ఉంది. కానీ పొద్దున్నే మంచులో గట్టు మీద తొక్కుకుంటూ, రెండు వైపులా మినప చేలు చూసుకుంటూ, వెనక చెంబులో నీళ్ళు గలగలమంటుంటే ఎవరికి ఏడుపొస్తుంది? పైగా దారిలో జనం ఎంత మర్యాదగా ఉండేవాళ్ళో. ఎదురొచ్చిన మగవాళ్ళు నన్ను చూడగానే తల తిప్పుకుని చేల వైపు చూసేవాళ్ళు. కొందరు గట్టు దిగి పక్కనుంచి వెళ్ళేవాళ్ళు. ఆడవాళ్ళు నిలబడి, పాపం అన్నట్టు చూసేవాళ్ళు. సైకిలు తొక్కే ఆడపిల్లని వింతగా చూసే రోజులు పోయాయి, ఎంత సంస్కారం వచ్చింది అని నేను పొంగిపోయాను.

ఒక ఉదయం నేను చెంబు తోముకుంటుంటే మామ్మగారు వచ్చింది. గుడ్లు పారేసిన రోజు నుంచి నా మొహం చూడని మనిషి, చేతిలో ఒక గ్లాసు పట్టుకుని నా గది ముందు నిలబడింది. ఆ గ్లాసులో పెరుగు, పైన మెంతులు తేలుతున్నాయి. నా మొహం పరీక్షగా చూసి, నుదుటి మీద చెయ్యేసి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎన్నాళ్ళ నించమ్మా?"

"ఏమిటండీ మామ్మగారూ?"

"సిగ్గెందుకు. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చెంబు పెట్టుకుని గట్టు మీదకి వెళ్తున్నావట కదా. అదీ సైకిలు మీద. అంత అవస్థగా ఉంటే మందు పుచ్చుకోవాలి గాని అలా తిరిగితే తగ్గుతుందా?"

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక భూమి చీలిపోతే బాగుండుననిపించింది. పల్లెలో పొద్దున్నే చెంబుతో గట్టు వైపు వెళ్ళడమంటే ఒకే ఒక్క పని. బందరులో మాకు మరుగుదొడ్డి పెరట్లోనే ఉండేది, అందుకని నా బుర్రకి ఆ సంగతే తట్టలేదు. పదిహేను రోజులుగా నాలుగైదు ఊళ్ళ జనం నన్ను చూసి, పాపం గ్రామసేవికకి విరేచనాలు తగ్గడం లేదనుకుంటున్నారు. ఆ తల తిప్పుకోవడాలూ ఆ గట్టు దిగిపోవడాలూ, నేను సంస్కారం అనుకున్నదంతా అదన్నమాట.

సిగ్గు, కోపం, నవ్వు మూడూ ఒకేసారి వచ్చాయి. నవ్వే గెలిచింది. అరుగు మీద కూలబడి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ ఉన్నదంతా చెప్పాను. కంకర రోడ్డు, ఆఫీసు కాగితం, చెంబు, వేళ్ళ లెక్క, నోటుబుక్కు. మామ్మగారు ముందు నమ్మలేదు. చెంబు నింపి, బుట్టలో పెట్టి, వీధి చివరిదాకా తొక్కి తిరిగొచ్చి చూపించాను. ఆవిడ వేలు ముంచి కొలిచింది. తర్వాత మొదలెట్టింది నవ్వడం. స్తంభం పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, వంగిపోయి నవ్వింది. అటు వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్ళని పిలిచి మరీ చెప్పింది. మధ్యాహ్నానికి ఊరంతా నవ్వింది. నేను సైకిలు మీద వెళ్తుంటే నెలలు గడిచాక కూడా, ఎన్ని వేళ్ళమ్మా ఇవాళ, అని అడిగేవాళ్ళు.

నవ్వు ఆగాక ఆవిడ నా నోటుబుక్కులో రాసిన దారులన్నీ చదివించుకుని వింది. విని, తల అడ్డంగా ఊపింది.

"చల్ల కావిళ్ళు ఏ దారిన వెళ్తాయో ఎప్పుడైనా చూశావా?" అంది.

చూశాను, కానీ పట్టించుకోలేదు. భుజం మీద కావిడి వేసుకుని మజ్జిగ కుండలు మోసేవాళ్ళు రోడ్డు ఎక్కరు. కాలవ గట్టు మీద కూడా మధ్యలో నడవరు. నీటి అంచుకి దగ్గరగా ఒక సన్నటి బాట ఉంటుంది, జానెడున్నర వెడల్పు. ధాన్యం పడవలకి తాడు కట్టి గట్టు మీంచి లాగుకుంటూ వెళ్ళే మనుషులు నడిచే బాట అది. తాతల నాటి నుంచి ఆ ఉత్తకాళ్ళు ఒకే చోట పడి పడి, ఆ మన్ను అరిగి, ఇంట్లో అలికిన నేలలా తయారైంది. మర్నాడే వెళ్ళి కొలిచాను. మైలు తొక్కాక దిగి చూస్తే వేలు ముంచనక్కర్లేకుండానే తెలిసింది. నీళ్ళు అంచు కిందకి ఒక్క గోరంత దిగాయి. అంత గొప్ప రోడ్డు మా జిల్లాలో ఏ ఇంజనీరూ వెయ్యలేదు. అది ఏ మ్యాపులోనూ లేదు.

మామ్మగారి ఎర్రపెట్ట అప్పుడే పొదుగుకొచ్చింది. మిగతా ఆడవాళ్ళు నవ్వినంత తేలిగ్గా కోళ్ళని ఇవ్వలేదు. ఆవిడ ఒక్కతే ఇస్తానంది. ఇదే ఆఖరనీ, ఈసారి కూడా ఉత్త చేతులు చూపిస్తే ఆ సైకిలు ఎవరికిచ్చినా తనకి బాధ లేదనీ మొహం మీదే చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. ప్రయాణం చేసిన గుడ్డుకి ఒక పగలూ ఒక రాత్రీ విశ్రాంతి ఇచ్చాకే కోడి కింద పెట్టాలట, క్రితంసారి వర్జ్యం గొడవలో పడి తామూ తప్పు చేశామంది. శిక్షణలో ఆ ముక్క మాకు చెప్పారు. నేనే మర్చిపోయాను.

ఫాల్గుణంలో ఒక ఉదయం, ఇంకా వెలుగు రాకముందే బందరులో బయల్దేరాను. పదమూడే గుడ్లు. అమ్మ లేచి, బుట్ట మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. నీ పెళ్ళికి కూడా ఇంత శ్రద్ధ పెడతావో లేదో అని సణిగింది కూడా. బందరు పొలిమేర దాటేదాకా మామూలు రోడ్డు, మెల్లిగా తొక్కాను. కంకర మొదలయ్యే చోట ఎడమకి తిరిగి కాలవ గట్టు ఎక్కాను. అక్కణ్ణించి ఆ జానెడున్నర బాట. ఇటు చూస్తే నీళ్ళు, అటు చూస్తే గడ్డి, చూపు ముందు చక్రం మీంచి కదలనివ్వకూడదు.

ఆ బాట మీద హక్కు పడవ లాగేవాళ్ళది. వాళ్ళు ఎదురైతే మనం దిగి, సైకిలుని చేల వైపు వాలుగా పడుకోబెట్టి, తాడు పైనుంచి దాటేదాకా వంగి కూర్చోవాలి. గుడ్ల బుట్ట ఉంటే సైకిలుని పడుకోబెట్టడం ఎలా? మొదటి పడవ ఎదురవగానే గాభరాపడి, బెల్లు కొట్టి, చేతులూపి ఆపాను. బరువు లాగుతున్న మనుషుల్ని ఆపడం ఎంత తప్పో నాకు తెలుసు. ముందున్నాయన విసుక్కుంటూనే, ఏం ఉందమ్మా అందులో అని అడిగాడు. చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి పడవలో వాళ్ళకి కేకేసి తాడు వదులు చేయించాడు. ఇద్దరు మనుషులు సైకిలుని బుట్టతో సహా ఎత్తి, పల్లకీ మోసినట్టు మోసి, తాడు అవతల దించారు. ఆ రోజు మొత్తం నాలుగు పడవలు ఎదురయ్యాయి. మొదటి పడవ వాళ్ళు వెనక వాటికి కేకేసి చెప్పారో ఏమో, మిగతా మూడూ నన్ను దూరం నుంచి చూడగానే ఆగాయి. ఇంత సంతోషం ఇరవై మైళ్ళ దారిలో పట్టదేమో అనిపించింది. నాకు పాట రాదు, అయినా పాడుకుంటూ తొక్కాను.

పులిగడ్డ దగ్గర పాయ దాటి, మళ్ళీ కాలవ గట్టెక్కి, ఎండ ముదరకముందే ఊరు చేరాను. ఒక్కటీ పగల్లేదు. మామ్మగారు ఒక్కొక్క గుడ్డునీ సూర్యుడికెదురుగా పట్టుకుని చూసి, చాప మీద పరిచి, పైన తడిపి పిండిన గుడ్డ కప్పింది. మర్నాడు పొద్దున ఎర్రపెట్టని కూర్చోబెట్టింది. ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. రోజూ పనికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆ గంప దగ్గర ఆగేదాన్ని. కోడి నన్ను చూసి ఈకలు నిక్కబొడుచుకునేది. దానికి నా మీద నమ్మకం లేదు, న్యాయమే.

గుడ్లు తెచ్చి సరిగ్గా ఇరవయ్యొక్క రోజులైన నాడు, పదిగంటలకి జీపు వచ్చింది. మా ఆఫీసరు గారు, ఆయన వెనక ప్యూను. ఆయన చెడ్డవాడు కాదు. ఎప్పుడూ అండీ అనకుండా మాట్లాడలేదు. కానీ రిజిస్టరులో రాసి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మామ్మగారింటి పెరట్లో గంప ముందు నిలబడి చూశారు. కోడి కదలకుండా కూర్చుని ఉంది. గంపలో ఒక్క పిల్ల లేదు.

"ఇరవయ్యొక్క రోజులైందండీ. పిల్లలేవీ?" అన్నారు.

ఒక రోజు గుడ్లకి విశ్రాంతి ఇచ్చామనీ, కోడిని మర్నాడు కూర్చోబెట్టామనీ, గడువు రేపటికి పూర్తవుతుందనీ చెప్పాను. రిజిస్టరు తెరిచి చూసి, గుడ్లు చేరిన తేదీయే ఉంది గాని విశ్రాంతి సంగతి ఇందులో లేదే అన్నారు. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని చెప్పానో లేదో. గుడ్డుకి రిజిస్టరు చదవడం రాదండీ అనేశాను. అనకూడదు. ఆయన మొహం గంటు పెట్టుకుని, ఇక తమ చేతిలో ఏమీ లేదనీ, సైకిలు ఇవాళే తీసుకెళ్ళాలనీ చెప్పి ప్యూను వైపు చూశారు. ప్యూను వెళ్ళి నా సైకిలు స్టాండు తీశాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన ముందు ఏడవకూడదని పళ్ళు బిగించి నిలబడ్డాను. గోడ పక్క నుంచి సైకిలు వెనక్కి వస్తుంటే చూడలేక మొహం తిప్పుకున్నాను.

అంతసేపూ మామ్మగారు మా మాటలేమీ పట్టనట్టు గంప దగ్గరే వంగి ఉంది. ఒక చేత్తో కోడిని బుజ్జగిస్తూ, రెండో చెయ్యి దాని పొట్ట కింద పెట్టి తడుముతోంది. ఒక గుడ్డు తీసి తన చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ లోపల పెట్టేసింది. ఇంకోటి తీసింది. ఆ గుడ్డుని కొంగులో పట్టుకుని లేచి, మెల్లిగా వచ్చి ఆఫీసరు గారి ఎదురుగా నిలబడింది.

"బాబూ, సైకిలు తర్వాత తీసుకెళ్దురు గాని. ముందిది వినండి."

ఆయనకి ఏం చెయ్యాలో తెలియలేదు. ఆవిడ అరచేతిలో గుడ్డు పెట్టుకుని, చెయ్యెత్తి ఆయన చెవి దగ్గర ఆనించింది. ఆయన పొడుగు, ఆవిడ పొట్టి. ఆయన మోకాళ్ళు కొంచెం వంచారు. ప్యూను సైకిలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయన మొహంలో ముందు విసుగు ఉంది, తర్వాత అనుమానం. తర్వాత కళ్ళు పెద్దవయ్యాయి. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, తల తిప్పి, రెండో చెవితో కూడా విన్నారు. చాలాసేపు విన్నారు. చివరికి నిలబడి, ప్యూను వైపు చూసి, దానికి స్టాండు వెయ్యి అన్నారు. రిజిస్టరు మూసి చంకలో పెట్టుకుని జీపు వైపు నడిచారు.

మర్నాటి సాయంత్రానికి పదమూడింట్లో పదకొండు పిల్లలయ్యాయి. నా ఉద్యోగం ఖాయమైంది, ఆ ఆకుపచ్చ సైకిలు తర్వాత ఆరేళ్ళు నా దగ్గరే ఉంది. అయినా నా మనసులో నిలిచిపోయింది ఆ మర్నాడు కాదు. జీపు వెళ్ళిపోయాక మామ్మగారు నన్ను దగ్గరికి పిలిచి, అదే గుడ్డుని నా చెవికి ఆనించిన ఘడియ. గుడ్డు వెచ్చగా ఉంది. లోపల ఏదో గీరుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ గీరింది. ఆ పైన సన్నగా, ఎంతో దూరం నుంచి వస్తున్నట్టు ఒక కూత. ఇరవై మైళ్ళు నా వెనక కూర్చుని కిక్కురుమనకుండా వచ్చింది. ఇప్పుడు నోరు తెరిచింది.